ఫ్లేవర్ చుట్టల్లో ఏది ఎంచుకోవాలి: తిరుపతి ఎండకీ ముసురుకీ తట్టుకునేవి, తట్టుకోనివి

కాఫీ, వెనీలా, చెర్రీ, తేనె. పెట్టె మీద ఉన్న ఈ పేర్లు చూసి ఫ్లేవర్ చుట్ట కొనేవాళ్లే ఎక్కువ. ఆ పేరు వల్ల తెలిసేది మాత్రం చాలా తక్కువ. అదే వెనీలా ఒక చుట్టలో ఆకు లోపలికంటా ఇంకి ఉంటుంది, ఇంకోదాంట్లో పైపైన చల్లి ఉంటుంది, మరోదాంట్లో నోట్లో పెట్టుకునే కొసకు పూసి ఉంటుంది. ఈ మూడూ కాలే తీరు వేరు, నిలవ ఉండే తీరు వేరు, చివర్లో నోట్లో మిగిలే రుచి వేరు. అందుకే ఏ రుచి అని కాక, ఆ రుచి చుట్టలో ఎక్కడుంది అని చూసి ఎంచుకోవాలి. తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు దీనితోపాటు ఇంకోటి కూడా ముఖ్యం: మే నెల ఎండలో, నవంబరు ముసురులో అది మన ఇంట్లో ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందన్నది.

ఇది ఇప్పటికే చుట్ట అలవాటున్న పెద్దవాళ్ల కోసం. అలవాటు లేనివాళ్లు తియ్యటి వాసన చూసి మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతున్నాం. ఫ్లేవర్ వల్ల ఘాటు తెలియదు గానీ నికోటిన్ తగ్గదు. చుట్ట పొగకు క్షార గుణం ఎక్కువ. గుండెల్లోకి పీల్చకపోయినా బుగ్గల లోపలి పొర నుంచే నికోటిన్ రక్తంలోకి పోతుంది. పెద్ద చుట్ట ఒక్కదాంట్లోనే సిగరెట్ ప్యాకెట్ అంతటి పొగాకు ఉండొచ్చు. నోరు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లు చుట్టల వల్ల వస్తాయన్నది రుజువైన సంగతి, కాఫీ వాసన వేసే చుట్టకు అందులో మినహాయింపు ఏమీ లేదు. అమెరికాలో 2009 చట్టంతో సిగరెట్లలో మెంథాల్ తప్ప మిగతా రుచులన్నీ ఆపేయడానికి పిల్లలు వాటితోనే మొదలుపెడుతుండటం ఒక ముఖ్య కారణం.

రుచి ఎక్కడ దాగి ఉంది

మొదటి రకం ఇన్ఫ్యూజ్డ్ చుట్టలు. ఆరబెట్టి, మగ్గబెట్టిన ఆకును మూలికలు, సుగంధ నూనెలు ఉన్న మూసిన గదుల్లో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉంచుతారు. పొగాకు ఆకు గాలిలో తేమను ఎలా పీల్చుకుంటుందో వాసననూ అలాగే పీల్చుకుంటుంది. ఆ గుణాన్నే వాడుకుంటారు. నికరాగ్వాలోని ఎస్తెలీలో డ్రూ ఎస్టేట్ వాళ్లు చేసే యాసిడ్ అనే బ్రాండు చుట్టలు ఈ రకంలో అందరికీ తెలిసినవి. వీటిలో ఫలానా పండు అని చెప్పేలా ఉండదు. పూలు, మూలికలు, కొద్దిగా అగరు లాంటి వాసన కలిసి వస్తుంది. చేత్తో చుట్టినవి, లోపల పొడవాటి ఆకులే ఉంటాయి కాబట్టి వాసన మొదటి దమ్ము నుంచి సగం దాటేదాకా నిలుస్తుంది. ఆ తర్వాత మెల్లగా పొగాకు రుచి పైకి వస్తుంది.

రెండోది పైన చల్లినవి. ఆల్కహాల్‌లోనో ప్రొపిలీన్ గ్లైకాల్‌లోనో కరిగించిన ఫ్లేవర్‌ను తరిగిన పొగాకు మీద, పై ఆకు మీద పిచికారీ చేస్తారు. మెషిన్ మీద చేసే చవక చుట్టలు ఎక్కువగా ఇవే. లోపల ముక్కల పొగాకు ఉంటుంది. చాలావాటిలో పై ఆకు కూడా నిజమైన ఆకు కాదు, పొగాకు పొడిని గుజ్జు చేసి కాగితంలా తీసిన షీటు. స్విషర్ స్వీట్స్ ఈ తరహావే. ఇవి సమంగా కాలతాయి, ఆరిపోవు, ధర తక్కువ. కానీ మొదటి నాలుగైదు దమ్ములకే రుచి అయిపోయి, మిగతాదంతా కాలిన కాగితం రుచి వస్తుంది.

మూడోది తీపి కొస. నోట్లో పెట్టుకునే చోట శాకరిన్ లాంటి తీపి పదార్థం పూస్తారు. ఇది పొగలో ఉండదు, పెదవి మీద ఉంటుంది. పైన చెప్పిన రెండు రకాలకూ దీన్ని అదనంగా చేర్చడం మామూలే. యాసిడ్‌లోనే కుబా కుబా అనే రకం పెదవికి తియ్యగా తగలడానికి కారణం ఇదే. తీపి అంటే ఇష్టం లేనివాళ్లు కొనేముందు ఇది తప్పక అడగాలి, ఎందుకంటే ఒకసారి పెదవికి అంటాక చివరిదాకా వదలదు.

మూడింటినీ అంగట్లోనే గుర్తుపట్టొచ్చు. నిప్పు అంటించే కొసను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. అక్కడ కనిపించేది లోపలి ఆకు. తర్వాత మధ్యలో పై ఆకు వాసన చూడండి. రెండు చోట్లా వాసన సమానంగా ఉంటే ఆకులోకి ఇంకినట్టు. మధ్యలో ఘాటుగా ఉండి కొసలో మామూలు పొగాకు వాసన వస్తే పైన చల్లినట్టు. గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు వాసన వస్తే ద్రావకం ఇంకా ఆరలేదు, తీసుకోవద్దు.

ఎవరికి ఏది

వాసన కోసం కాల్చేవాళ్లకు ఇన్ఫ్యూజ్డ్‌కు సాటి లేదు. అయితే మొదట పొడవూ లావూ తక్కువది తీసుకోవాలి. యాసిడ్ బ్లాండీ 4 అంగుళాల పొడవు, 38 గేజ్ ఉంటుంది. గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు, కాబట్టి 38 గేజ్ అంటే దాదాపు 15 మిల్లీమీటర్ల లావు. అరగంటలో అయిపోతుంది. కుబా కుబా 5 అంగుళాలు, 54 గేజ్, అంటే 21 మిల్లీమీటర్ల పైమాటే. దానికి గంట పడుతుంది. మూలికల వాసన నచ్చనివాళ్లకు గంటసేపు దాన్ని భరించడం కష్టం. బ్లాండీకి లేతరంగు కనెక్టికట్ ఆకు చుడతారు, కుబా కుబాకు సుమత్రా ఆకు. మొదటిది మెత్తన, రెండోది కాస్త కారంగా తగులుతుంది.

కాఫీ రుచి కోసం చూసేవాళ్లకు టబాక్ ఎస్పెషల్, జావా అనే రెండు పేర్లు తగులుతాయి. రెండింటిలోనూ లేత, ముదురు అని రెండు దారులున్నాయి. టబాక్‌లో డుల్చే లేతది, నెగ్రా ముదురుది. జావాలో లాటే లేతది, మదురో ముదురుది. జావాలో చాక్లెట్ తీపి ఎక్కువ, టబాక్‌లో కాఫీ చేదు ఎక్కువ. రెండింటిలో ఒకటే కొనాలంటే మా ఓటు టబాక్ నెగ్రాకు, దాంట్లో పొగాకు రుచి కాఫీ కింద నలిగిపోదు.

నిజానికి కాఫీ రుచే కావాలంటే ఇంతకన్నా మంచి దారి ఉంది. ఏ ఫ్లేవరూ లేని మెత్తటి చుట్ట, కనెక్టికట్ పై ఆకు ఉన్నది, తీసుకుని పక్కన చిక్కటి ఫిల్టర్ కాఫీ పెట్టుకోవడం. డికాషన్ చేదు, పాల మీగడ, చుట్ట పొగ మూడూ నోట్లో కలిసి ఇచ్చే రుచిని ఏ గదిలో మగ్గబెట్టిన ఆకూ ఇవ్వలేదు. పైగా మామూలు చుట్ట నిలవకు సులువు, దాని వాసన పక్క చుట్టలకు అంటదు. ఫ్లేవర్ చుట్ట వైపు వెళ్లేముందు ఒకసారి ఇలా చూడమని అడిగిన ప్రతివాళ్లకూ చెబుతాం.

మెషిన్ చుట్టలు, చిన్న సిగారిల్లోలు పది నిమిషాల పని. సమయం లేనప్పుడు సరే. కానీ చిన్నవి కదా అని సిగరెట్‌లా లోపలికి పీల్చేవాళ్లున్నారు, ఇది అన్నిటికన్నా చెడ్డ అలవాటు. చుట్ట పొగ నోటివరకే.

ఇక నాటు చుట్ట. గోదావరి లంక పొగాకు చుట్ట అలవాటున్న నోటికి ఈ ఫ్లేవర్లేవీ ఆనవు. వాళ్లు వీటి జోలికి పోకపోయినా నష్టం లేదు. ఫ్లేవర్ చుట్ట కాల్చేవాళ్లు మాత్రం ఆ ఘాటుకు ఒక్కసారిగా మారితే తల తిరగడం ఖాయం.

మన ఊరి వాతావరణం

సగం ఫ్లేవర్ చుట్టలు పాడయ్యేది ఇంట్లోనే. చుట్టలకు 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి సరైనది. తిరుపతిలో మే మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలే, అప్పుడు గాలి పొడిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టిందంటే బట్టలు కూడా ఆరవు. ఎండాకాలంలో పై ఆకు పగులుతుంది, నూనె వాసన ఎగిరిపోతుంది. ముసురులో తీపి కొస కరిగి జిగురవుతుంది, సెల్లోఫేన్ కవరుకు అతుక్కుంటుంది. కవరు లాగితే ఆకు కూడా ఊడి వస్తుంది. అలా అతుక్కున్నప్పుడు లాగకుండా కవరును పొడవునా కత్తెరతో చీల్చి విప్పాలి.

సిగార్లు నిలవ చేసే సెడార్ చెక్క పెట్టెను ఫ్లేవర్ చుట్టలకు వాడకూడదు. ఆ చెక్క వాసనను పీల్చుకుని వదలదు, తర్వాత అందులో పెట్టిన మామూలు చుట్టలన్నిటికీ అదే వాసన పడుతుంది. రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా, లేదా గట్టి మూత ఉన్న గాజు సీసా చాలు. కాఫీవి ఒక డబ్బాలో, మూలికలవి ఇంకో డబ్బాలో పెట్టాలి. అన్నీ ఒకచోట పెడితే నెల తిరిగేసరికి అన్నిటికీ ఒకటే వాసన. సెల్లోఫేన్ తీయకుండా ఉంచడం ఇందుకూ మంచిదే.

డబ్బాలో తేమను నిలబెట్టే ప్యాకెట్లు వస్తాయి, బొవేడా లాంటివి. తేమ తగ్గితే ఇస్తాయి, పెరిగితే లాక్కుంటాయి. మామూలు చుట్టలకు 69 శాతం ప్యాకెట్ వాడతారు గానీ ఫ్లేవర్ చుట్టలకు 65 శాతమే మేలు, ఎందుకంటే నూనె, తీపి ఉన్న ఆకు తేమను ఎక్కువగా పట్టుకుని సరిగా కాలదు. 25 చుట్టలకు 60 గ్రాముల ప్యాకెట్ ఒకటి సరిపోతుంది. ప్యాకెట్ గట్టిపడిందంటే మార్చాల్సిన సమయం వచ్చింది. తడి స్పాంజి, తడిగుడ్డ పెట్టే పద్ధతి మన ముసురులో బూజును పిలిచి కూర్చోబెట్టడమే.

చవక తేమ మీటర్లు తప్పు చూపిస్తాయి, నమ్మేముందు పరీక్షించాలి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, కరిగిపోకుండా తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు కలపండి. మూతనూ మీటరునూ ఒక జిప్ కవరులో పెట్టి రాత్రంతా వదిలేయండి. ఉదయం 75 చూపించాలి. 70 చూపిస్తే మీటరు 5 తక్కువ చెబుతోందని లెక్క వేసుకోండి.

వేడి 25 డిగ్రీలు దాటి తేమ కూడా ఎక్కువైతే పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయి. చుట్టకు గుండుసూది తలంత రంధ్రం, డబ్బా అడుగున సన్నటి పొడి కనిపిస్తే అదే. ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ముల డబ్బాలో పట్టే గోధుమరంగు పురుగుల్లో ఇదీ ఒకటి. అందుకే చుట్టల డబ్బా వంటింట్లో పెట్టొద్దు. పురుగు పట్టిన డబ్బాలో మిగిలినవాటిని కాపాడాలంటే రెండు జిప్ కవర్లలో గాలి పోయేలా మూసి మూడు రోజులు ఫ్రీజర్‌లో, ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో, తర్వాత కవరు విప్పకుండా ఒక రోజు బయట ఉంచాలి. ఫ్రీజర్ నుంచి నేరుగా వేడి గదిలోకి తెస్తే పై ఆకు నిలువునా చీలుతుంది.

డబ్బా ఉండాల్సిన చోటు ఇంట్లో ఎండ తగలని లోపలి గదిలో, నేల దగ్గరి అర. పూజ గదికి దూరంగా పెట్టాలి. సాంబ్రాణి, కర్పూరం, అగరుబత్తి వాసనలు మూత సందుల్లోంచి కూడా చేరతాయి. తాళం వేసే అర అయితే ఇంకా మంచిది. తియ్యటి వాసన చూసి చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే, చుట్ట ముక్కయినా పీకయినా నికోటిన్ విషమై ప్రాణం మీదికి వస్తుంది. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాల్చేటప్పుడు

కోత దగ్గరే తేడా మొదలవుతుంది. మామూలు చుట్టకు నోటి కొసన టోపీలా అతికించిన ఆకు ముక్క ఉంటుంది, దాని గీతకు పైన, కొస నుంచి రెండు మిల్లీమీటర్ల దగ్గర కోయాలి. గీత దాటితే పై ఆకు విడిపోతుంది. తీపి కొస ఉన్నదానికి కట్టర్ కన్నా 7, 8 మిల్లీమీటర్ల పంచ్ మేలు. తీపి పూసిన భాగం పోకుండా మధ్యలో రంధ్రం మాత్రం పడుతుంది.

గ్యాస్ లైటరు వాడండి. అగ్గిపుల్ల అయితే మందు పూర్తిగా కాలి పుల్ల మండేదాకా ఆగాలి. పెట్రోలు లైటరు, కొవ్వొత్తి, నూనె దీపం వద్దు, వాటి వాసన ఆకుకు అంటుకుంటుంది. మంటను తగలనివ్వకుండా కాస్త దూరంలో పట్టి చుట్టను తిప్పుతూ పది, పదిహేను సెకన్లు అంచు కమిలేలా చేసి, అప్పుడు మెల్లగా లాగాలి. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే గాలి ఒక పక్కే తగిలి ఒక పక్కే కాలుతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ ఆపరు, కనీసం గాలి నేరుగా తగలని మూల చూసుకోండి.

నిమిషానికి ఒక దమ్ము. ఇంతకు మించి లాగితే ఫ్లేవర్ చుట్ట మామూలుదానికన్నా త్వరగా చేదెక్కుతుంది, నూనెలు, తీపి మాడడం వల్ల నాలుక మీద మంట పుడుతుంది. ఆరిపోతే నుసి రాల్చి, ఒకసారి బయటికి ఊది లోపలి పాత పొగ వదిలించి మళ్లీ అంటించాలి. ఆరిపోయి అరగంట దాటిన ఇన్ఫ్యూజ్డ్ చుట్టను తిరిగి అంటిస్తే సబ్బు నమిలినట్టుంటుంది. అక్కడితో వదిలేయడం నయం. వెడల్పాటి నుసి కింద లోపల మాత్రం కాలి పై ఆకు అలాగే మిగిలిందంటే పై ఆకు, లోపలి ఆకు తేమల్లో తేడా వచ్చినట్టు, అప్పుడే డబ్బాలోని తేమ చూసుకోవాలి. నాలుగైదు సెంటీమీటర్లు మిగిలాక ఆపేయండి, ఆ చివరి ముక్కలో వేడీ తారూ తప్ప రుచి ఉండదు.

రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్న నోటికి మూలికల వాసన తెలియదు. గంట ఆగాలి, లేదా కాఫీ చుట్ట, ఏ ఫ్లేవరూ లేని చుట్ట ఎంచుకోవాలి. ఖాళీ కడుపుతో మాత్రం ఏదీ వద్దు. చల్లటి చెమట, వికారం, తల తేలిపోవడం మొదలైతే నికోటిన్ ఎక్కువైనట్టు. చుట్ట పక్కన పెట్టి, గాలి తగిలే చోట కూర్చుని, నీళ్లు తాగి, బెల్లం ముక్క నోట్లో వేసుకోండి. వాంతులు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కొనేటప్పుడు, తీసుకెళ్లేటప్పుడు

మొదటిసారి పెట్టె కొనొద్దు, అయిదు ఉన్న చిన్న డబ్బా చాలు. విదేశీ చుట్ట అయినా ప్యాకెట్ మీద 85 శాతం మేర బొమ్మతో ఆరోగ్య హెచ్చరిక, దిగుమతిదారు పేరు, గరిష్ఠ ధర ఉండాలి. ఇవేవీ లేకపోతే దొంగదారిన వచ్చింది, అది దారిలో ఎన్ని ఎండలు తిన్నదో ఎవరూ చెప్పలేరు. విదేశం నుంచి వచ్చేవాళ్లు తమతో 25 సిగార్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. చుట్టను మెల్లగా నొక్కి చూడండి: మెత్తగా వంగి తిరిగి లేవాలి. చిటపటమంటే ఎండిపోయింది, నొక్కిన గుంట అలాగే ఉంటే తడిసింది. పచ్చగానో బూడిదరంగులోనో నూగులా ఉంటే బూజు. తుడిచి కాల్చే పని పెట్టుకోవద్దు.

18 ఏళ్ల లోపు వాళ్లకు, విద్యాసంస్థలకు 100 గజాల లోపల అమ్మకూడదని 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం చెబుతోంది. బహిరంగ ప్రదేశాల్లో కాలిస్తే 200 రూపాయల వరకు జరిమానా. 30 గదులు, అంతకు మించి ఉన్న హోటళ్లలో పొగతాగే గది విడిగా ఉండొచ్చు, గది తీసుకునేముందే అడగండి. ఇంట్లో అయితే గాలి పారే మిద్దె మీద, పిల్లలూ ముసలివాళ్లూ లేని వేళ.

తిరుమల కొండ మీద పొగాకు పూర్తిగా నిషేధం. కాల్చకపోయినా, సంచిలో ఉంటే చాలు అలిపిరి తనిఖీలో తీసేసుకుంటారు. కొండకు పోతూ చుట్టల డబ్బా కింద నిలిపిన కారులో వదిలేవాళ్లున్నారు, అదీ పొరపాటే. ఎండలో మూసిన కారులో ఒక్క పూట ఉంటే తీపి కొసలు కరిగి, వాసన కారుకు అంటుకుని, చుట్టల్లో ఏమీ మిగలదు. బస గదిలో, బీరువా కింది అరలో పెట్టి వెళ్లండి. తలకోన వైపు వెళ్లేవాళ్లు అసలు తీసుకెళ్లొద్దు. శేషాచలం అడవిలో ఫిబ్రవరి తర్వాత బోదగడ్డి ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వకు కొండ అంటుకుంటుంది. చుట్ట నిప్పు సిగరెట్‌లా నలిపితే ఆరదు, నలిపేకొద్దీ లోపలి ఆకు విచ్చుకుని ఇంకా రాజుకుంటుంది. నుసి గిన్నెలో అలా వదిలేస్తే కొద్ది నిమిషాల్లో దానంతట అదే చల్లారుతుంది, ఆ తర్వాత పీక మీద నీళ్లు పోసి చెత్తలో వేయాలి.